షెడ్డు నుంచి తిరిగొచ్చే దారి

హైదరాబాదు నుంచి బీజాపూర్ రోడ్డు మీద పడమరకు పోతుంటే మొయినాబాద్, చేవెళ్ళ మధ్య మర్రిచెట్లు స్వాగతం చెబుతాయి. పేపర్లలో, హరిత ట్రిబ్యునల్లో పేరు మోగిన చేవెళ్ళ మర్రులు ఇవే. చెట్ల మీది చూపు కాస్త పక్కకు తిప్పితే ఊళ్ళలో ఇళ్ళ వెనక ఇంకొకటి కనిపిస్తుంది: రేకుల షెడ్డు. ఒకచోట వెల్డింగు, ఒకచోట వడ్రంగం, ఒకచోట ట్రాక్టరు రిపేరు, మరోచోట పూలతోటల పాలీహౌసులకు పైపులు కోసే పని. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలకు నీరు పారే నేల ఇది. అందుకే 1996 మార్చి 8 నాటి 111 జీవో ఈ మండలాలతో కలిపి మొత్తం 84 గ్రామాల్లో కాలుష్యం చేసే పరిశ్రమలకు తలుపు మూసింది. 2022 ఏప్రిల్లో ఇంకో జీవో ఆ తలుపు కొంత తెరిచింది, దాని మీద వాదులాట వేరే కథ. పెద్ద ఫ్యాక్టరీలకు అడ్డుపడిన చోట కూడా చిన్న పనికి చిన్న షెడ్డు వేసుకోవడం మాత్రం ఆగలేదు.

మీటరు ఇంటి ముందు గోడకు ఉంటుంది. షెడ్డు పెరటి చివర, లెక్క కోసం 60 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. అందులో 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారుతో నడిచే కటింగ్ మిషను, ఒక గ్రైండరు, నాలుగు లైట్లు, ఒక ఫ్యాను. అన్నీ కలిపి 16 ఆంపియర్లు. ఇంట్లో ప్లగ్గులకు వేసే 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు తెచ్చి, ప్రహరీ మీంచి, వేపకొమ్మ మీంచి లాగి షెడ్డులో బోర్డుకు కలిపితే పొద్దుగూకేలోపు లైటు వెలుగుతుంది. లైటు వెలిగితే పని అయిపోయినట్టే అందరికీ. కరెంటు షెడ్డుకు చేరిందని లైటు చెబుతుంది, నిజమే. అది ఏ దారిన వెనక్కి పోతోందో, ఏదైనా తేడా జరిగితే ఏ దారిన పోవాలో మాత్రం చెప్పదు. ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం ఆ రెండో దారి గురించే.

ముందు వెళ్ళే దారి సంగతి తేల్చుకుందాం.

మొయినాబాద్ మండలంలోనే కేతిరెడ్డిపల్లి దగ్గర 400 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ ఉంది. అంత వోల్టేజీ ఎందుకన్న ప్రశ్నకు 1840ల మొదట్లోనే జేమ్స్ జౌల్ జవాబిచ్చాడు. తీగలో వేడిగా పోయే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే నష్టం నాలుగింతలు. అంతే శక్తిని 230 వోల్టుల దగ్గర కాకుండా 400 కేవీ దగ్గర పంపితే కరెంటు దాదాపు 1,700 వంతులు తగ్గుతుంది, అదే తీగలో నష్టం సుమారు 30 లక్షల వంతులు తగ్గుతుంది. 1882లో న్యూయార్కు పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ పెట్టిన కేంద్రం 110 వోల్టుల దగ్గరే కరెంటు అమ్మి, చుట్టుపక్కల వీధులు దాటలేక ఆగిపోయింది ఈ లెక్క వల్లే. ఎడిసన్‌కు ఎదురైన చిక్కే మన పెరట్లోనూ ఉంది, దూరం కాస్త తక్కువ, అంతే.

400 కేవీ మెట్టుమెట్టుగా దిగుతూ వచ్చి చివరికి ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 11 కేవీ నుంచి 433 వోల్టులకు మారుతుంది. 433 అంటే మూడు ఫేజుల్లో ఏ రెంటి మధ్యనైనా ఉండేది. ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య చూస్తే 250. ఇంటికి కావలసింది 230 అయినప్పుడు 250 ఎందుకు? దారిలో పోయేదాన్ని ఇంజనీర్లు ముందే కలిపి పెట్టారు. అయితే ఆ లెక్క మీ ఇంటి మీటరు దగ్గర ముగుస్తుంది. వెనకాల ఎప్పుడో లేవబోయే షెడ్డు వాళ్ళ లెక్కలో లేదు. పైగా నిబంధనల ప్రకారం ఇంటి వోల్టేజీ 6 శాతం వరకు అటూఇటూ కావచ్చు. మీటరు దగ్గర 216 వోల్టులే వస్తున్నా ఎవరినీ తప్పు పట్టలేం.

ఇప్పుడు మన 60 మీటర్లు. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగ నిరోధం 0.0172 ఓములు. కరెంటు 60 మీటర్లు పోవాలి, 60 మీటర్లు రావాలి, కాబట్టి లెక్కకు పట్టేది 120 మీటర్లు. దుకాణంలో చాలామంది ఇక్కడే పొరపడతారు, దూరాన్ని ఒకసారే లెక్కేస్తారు. 2.5 స్క్వేర్ తీగకు అది 0.83 ఓము అవుతుంది. 16 ఆంపియర్లు పారితే 13 వోల్టులు తీగలోనే ఖర్చు. అంటే 5.7 శాతం. వైరింగుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 732 లైట్లకు 3 శాతం, మిగతావాటికి 5 శాతం దాటొద్దంటుంది. గులాబీ మడుల్లో డ్రిప్ పైపు సన్నగా ఉంటే మొదటి మొక్కలు తడిసి చివరి మొక్కలు వాడిపోతాయి కదా, షెడ్డు ఆ చివరి మొక్క.

13 వోల్టులే కదా అనిపించవచ్చు. మిషను నడుస్తున్నంతసేపూ అంతే, మొదలయ్యే క్షణంలోనే అసలు చిక్కు. ఆగి ఉన్న మోటారు కదలడానికి మామూలుగా తాగే కరెంటుకు ఐదారు రెట్లు తాగుతుంది. 10 ఆంపియర్ల మోటారు ఆ అర సెకను 60 ఆంపియర్లు అడుగుతుంది. వోల్టేజీ పడటంతో దొరికేది అంతకంటే కొంత తక్కువే, అయినా సన్నటి తీగలో 40 వోల్టుల దాకా పోయి మోటారుకు 190 మిగులుతాయి. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి 190 వోల్టుల దగ్గర బలం మూడోవంతు పడిపోతుంది. మోటారు మూలుగుతుంది, తిరగడానికి మామూలుకంటే ఎక్కువసేపు తీసుకుంటుంది, అంతసేపూ ఆ భారీ కరెంటు వేడి దాని చుట్టలో చేరుతుంది. వారంలో రెండుసార్లు వైండింగు కాలితే కంపెనీని తిట్టుకుంటాం. చాలాసార్లు నేరం పెరట్లో వేలాడుతున్న తీగది.

ఇదే ఊరంతటికీ జరిగేది. బోర్లకు ఆటో స్టార్టర్లు ఉన్నప్పుడు, పోయిన కరెంటు తిరిగి రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. అన్నీ తమ ఐదారు రెట్లు ఒకేసారి అడిగితే ట్రాన్స్‌ఫార్మరు ఏం చేస్తుంది? తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలుపెట్టే ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతుల వెంటపడటానికి కారణాల్లో ఇదొకటి.

సరే, ఎంత లావు తీగ వేయాలి? 6 స్క్వేర్ వేస్తే 16 ఆంపియర్లకు పోయేది 5.5 వోల్టులు, 10 స్క్వేర్‌కు 3.3. ధర కూడా రాగి బరువును బట్టి పెరుగుతుంది మరి. 1881లో విలియం థామ్సన్ (తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్) దీనికి ఒక సూత్రం చెప్పాడు. తీగ లావు పెంచేకొద్దీ ఏటా దాని పెట్టుబడి భారం పెరుగుతుంది, వేడిగా పోయే కరెంటు ఖర్చు తగ్గుతుంది. రెండూ సమానమయ్యే చోట ఆగమన్నాడు. మన షెడ్డులో రోజుకు 6 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు పూర్తి లోడు నడిస్తే 2.5 స్క్వేర్ తీగ 380 యూనిట్లు ఊరికే వేడి చేస్తుంది. 6 స్క్వేర్ 158 యూనిట్లు, 10 స్క్వేర్ 95. మొదటి అడుగులో 220 యూనిట్లు మిగులుతాయి, రెండో అడుగులో 63 మాత్రమే. నిజానికి ఏ షెడ్డూ రోజంతా పూర్తి లోడు లాగదు, కాబట్టి కెల్విన్ లెక్క మనల్ని 6 దగ్గరే ఆపుతుంది. నా మాట కూడా అదే.

అల్యూమినియం రాగికంటే చవక. నిరోధం 1.6 రెట్లు ఎక్కువ కాబట్టి 6 స్క్వేర్ రాగి చేసే పనికి 10 స్క్వేర్ అల్యూమినియం కావాలి. ఆ సైజు ఆర్మర్డ్ కేబుల్ మొయినాబాద్ దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. తీగ మధ్యలో అల్యూమినియానికి ఏ రోగమూ లేదు, రోగమంతా కొసల్లో. గాలి తగలగానే దాని మీద కరెంటు పారని సన్నటి పొర కడుతుంది. స్క్రూ కింద నలిగి, వేడికి సాగి, చల్లారి కుంచించి, కొన్నాళ్ళకు బిగువు సడలుతుంది. సడలిన చోట నిరోధం పెరిగి ఇంకా వేడెక్కుతుంది. రాగి ముక్కతో కలిపి మెలిపెట్టి టేపు చుట్టడం అన్నిటికంటే చెడ్డపని. లగ్గు వేసి, ప్రెస్ చేసి, బిగించాలి. ఏడాదికోసారి మెయిన్ ఆపి మళ్ళీ బిగించాలి.

పైనా, కిందా? పైనుంచి పోతే రోడ్డు దాటేచోట 5.8 మీటర్ల ఎత్తు ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నియమాలంటాయి. వరిగడ్డి నింపిన ట్రాక్టరు, ఎత్తిన టిప్పరు డబ్బా, వానాకాలం ఊగే కొమ్మ, వీటిని తలుచుకుంటే కిందే నయం. భూమిలో వేస్తే ఐఎస్ 1255 చెప్పే లోతు 75 సెంటీమీటర్లు, బండ్లు తిరిగే దారి కింద ఒక మీటరు. కింద ఇసుక, మీద ఇసుక, దాని మీద ఇటుకలు. ఇటుకలు పరిచేది బరువు మోయడానికి కాదు, రేపెప్పుడో గడ్డపార వేసేవాడికి ముందుగా ఇటుక తగిలి ‘కింద ఏదో ఉంది’ అని తెలియడానికి. మర్రి, రావి దగ్గర కందకం తవ్వకండి. వేరుకు వేరే దారి చూపించడం కష్టం, కేబుల్‌కు తేలిక.

ఇక వెనక్కి వచ్చే దారి.

కరెంటు ఎక్కడికో వెళ్ళి అక్కడ అయిపోదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలోంచి బయల్దేరింది ఆ చుట్టకే తిరిగి చేరాలి, చేరలేకపోతే బయల్దేరనే బయల్దేరదు. మామూలుగా ఫేజులో వెళ్ళి న్యూట్రల్‌లో వస్తుంది. మిషను లోపల ఎక్కడో ఇన్సులేషను ఊడి ఫేజు తీగ ఇనుప బాడీకి తగిలితే ఆ బాడీ 230 వోల్టులకు ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు దానికి ఒక దారి చూపించి, ఆ దారిలో కరెంటు ఉరికి, ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడే స్విచ్చు) పడిపోయేలా చేయాలి. ఎర్తింగు ఉన్నది అందుకేనని అందరికీ తెలుసు. ఇక్కడే మన ఊళ్ళలో బలమైన నమ్మకం ఒకటుంది: భూమాత కరెంటును మింగేస్తుంది. మింగదు. భూమి కూడా ఒక తీగే, అదీ చెడ్డ తీగ. షెడ్డు దగ్గర మట్టిలో దిగిన కరెంటు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు గుంతలోంచి పైకెక్కి న్యూట్రల్ చుట్టలో చేరాలి.

ఆ మట్టి దారి ఎంత గట్టిది? మీ నేలను బట్టి. మొయినాబాద్ వైపు అడుగున 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు, నైసు రాళ్ళు. పైన కాస్త ఎర్ర చెల్క, కొద్ది అడుగుల్లో మొరం, ఆ తర్వాత బండ. చేవెళ్ళ దాటి వికారాబాద్ వైపు పోయేకొద్దీ 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా పొరల అంచు మొదలవుతుంది, నల్లరేగడి కనిపిస్తుంది. తడి పట్టి ఉంచుకునే రేగడిలో కరెంటు బాగా పారుతుంది. ఎండిన మొరంలో, బండలో పారదు. 40 మిల్లీమీటర్ల వ్యాసమున్న 3 మీటర్ల జీఐ పైపు దిగ్గొడితే నిరోధం ఎంతో లెక్కగట్టవచ్చు: మట్టి విశిష్ట నిరోధం 20 ఓమ్-మీటర్లు ఉంటే 6 ఓములు, 100 ఉంటే 30, వెయ్యి ఉంటే సుమారు 290. ఒకే పైపు, ఒకే పనితనం, ఇరవై కిలోమీటర్ల తేడాలో ఫలితం యాభై రెట్లు మారవచ్చు.

290 ఓముల ఎర్తింగుతో ఏమవుతుంది? 230ని 290తో భాగిస్తే 0.8 ఆంపియరు. షెడ్డులో ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. అది 0.8ని లోడుగా కూడా గుర్తించదు, ఒక ఫ్యానో రెండు ఫ్యాన్లో తిరుగుతున్నాయనుకుంటుంది. మిషను బాడీ దాదాపు 230 వోల్టుల దగ్గర అలాగే నిలబడి ఉంటుంది, గంటలు, రోజులు. రేగడిలో 6 ఓములు వచ్చినా పారేది 38 ఆంపియర్లు. మోటార్లకు వాడే సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ క్షణంలో కచ్చితంగా పడాలంటే పది రెట్లు, అంటే 160 ఆంపియర్లు కావాలి. 38కి అది వేడెక్కి పడేసరికి సెకన్లు దాటిపోతాయి. చెప్పొచ్చేదేమంటే, మంచి నేలలో మంచి ఎర్తింగు ఉన్నా సరే, మట్టి దారిని నమ్ముకుని ఎంసీబీ మనిషిని కాపాడలేదు.

ఈ 160 లెక్క ఇంకోచోట కూడా కాటేస్తుంది. షెడ్డులో ఫేజు, న్యూట్రల్ నేరుగా తగిలి షార్టయితే మట్టితో పనిలేదు, తీగల దారే. 160 ఆంపియర్లు పారాలంటే మొత్తం దారి నిరోధం 1.44 ఓములు మించకూడదు. 2.5 స్క్వేర్ తీగ ఒక్కటే 0.83 తినేసింది. ఇల్లు ఎల్టీ లైను చివర ఉంటే ఊరి లైను, సర్వీసు వైరు కలిసి మిగతా అర ఓము తినేయడం పెద్ద పనేమీ కాదు. షార్టయినా ఎంసీబీ వెంటనే పడదు, తీగ కాలుతూ ఉంటుంది. లావు తీగ వేయమన్నది మోటారు కోసం మాత్రమే కాదని దీంతో తెలుస్తుంది.

మట్టి దారి గురించి వింత ఒకటి చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మరు అర కిలోమీటరు దూరంలో ఉంటే నిరోధం ఎక్కువవుతుందా? కాదు. కరెంటు పైపు నుంచి అన్ని వైపులకూ విచ్చుకుంటుంది. పైపు పక్కన దానికి దొరికేది ఇరుకు దారి, కొన్ని అడుగులు దాటాక దొరికేది భూమంత దారి. అర్ధగోళం ఆకారంలో ఎర్తు ఉందనుకుని లెక్కేస్తే, దాని వ్యాసార్ధానికి రెట్టింపు దూరంలోపే సగం నిరోధం అయిపోతుంది, పది రెట్ల దూరంలో 90 శాతం. గొడవంతా గుంత చుట్టూనే ఉంది. బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోసే పాత పద్ధతి పనిచేయడం ఇందుకే. బొగ్గు తడిని పట్టుకుంటుంది, ఉప్పు తడిని కరెంటు పారేలా చేస్తుంది. ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, పైపును తింటుంది, అదీ నిజమే. రాతి నేలలో ఒక గుంతను ఇంకా లోతు చేయబోయి బండ తగిలి ఆగేకంటే, పైపు పొడవుకు రెట్టింపు ఎడంగా ఇంకో గుంత వేసి కలపడం మేలు. పక్కపక్కనే వేస్తే రెండూ ఒకే మట్టి కోసం కొట్లాడుకుంటాయి.

భూమిని తిరుగుదారిగా వాడుకోవడం అసాధ్యమేమీ కాదు. 1925 ప్రాంతంలో న్యూజిలాండ్‌లో లాయిడ్ మాండెనో అనే ఇంజనీరు ఒకే తీగతో దూరపు పొలాలకు కరెంటిచ్చాడు, రెండో తీగ భూమి. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ అలాంటి లైన్లున్నాయి. అవి నడిచేది వేల వోల్టుల దగ్గర, పారేది కొద్ది ఆంపియర్లు, ఎర్తులు కొలిచి కట్టినవి. మన దగ్గర న్యూట్రల్ పోయిన రోజున ఒక ఫేజుకూ ఎర్తింగు పైపుకూ మధ్య బల్బు కలిపి వెలిగించే తెలివి ఆ బాపతు కాదు. 9 వాట్ల ఎల్ఈడీకి కరెంటు చాలా తక్కువ కాబట్టి 290 ఓముల పైపు మీద కూడా వెలుగుతుంది, అదే మోసం. ఆ పైపు నుంచి తీగ ఊడిందంటే ఊడిన కొస 230 వోల్టుల మీద వేలాడుతుంది.

మట్టి దారి చాలదని తేలాక మనిషిని కాపాడేదేమిటి? దీనికి జవాబు రెండు దిక్కుల నుంచి వచ్చింది. ఒకటి, మనిషి ఎంత కరెంటుకు తట్టుకుంటాడన్న ప్రశ్న. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో చార్లెస్ డాల్జియల్ 134 మంది మగవాళ్ళను, 28 మంది ఆడవాళ్ళను ఒప్పించి వాళ్ళ చేతుల్లోంచి కరెంటు పంపి, పట్టుకున్న తీగను ఎప్పటివరకు వదలగలుగుతారో కొలిచాడు. సగటున మగవాళ్ళకు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళకు 10.5. అది దాటితే కండరాలు బిగిసి చెయ్యి తెరుచుకోదు. కరెంటు పట్టేసుకుంటుందని మనవాళ్ళు అంటారే, పట్టుకునేది మన చెయ్యే. చెమట పట్టిన మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలా ఎక్కువ. దేశంలో ఏటా పదివేల మందికి పైగా షాకుతో చనిపోతున్నారు.

రెండో జవాబు, మట్టిలో ఎంత పారిందో చూడకుండా తీగల్లో ఎంత తగ్గిందో చూడటం. వియన్నాలో గాట్‌ఫ్రీడ్ బీగెల్‌మయర్ 1950ల్లో, అమెరికాలో డాల్జియల్ 1961లో ఈ దారిన నమ్మదగ్గ పరికరాలు చేశారు. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒక ఇనుప రింగులోంచి పోతాయి. వెళ్ళింది వెళ్ళినట్టు తిరిగొస్తే రింగులో అయస్కాంత బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొంచెం కరెంటు బాడీలోంచో, మనిషిలోంచో, తడి గోడలోంచో వేరే దారి పడితే ఆ తేడా రింగును లేపుతుంది, మీట పడుతుంది. మనం ఆర్‌సీసీబీ అంటున్నది దీన్నే. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు సెకనులో చిన్న భాగంలో పడుతుంది.

ఇప్పుడు మన 290 ఓముల ఎర్తింగును మళ్ళీ చూడండి. అందులో పారిన 0.8 ఆంపియరు ఎంసీబీకి కనపడలేదు. ఆర్‌సీసీబీకి అది కావలసినదానికంటే ఇరవై ఐదు రెట్లు ఎక్కువ. మనిషి చెయ్యి పడకముందే, బాడీకి ఫేజు తగిలిన క్షణంలోనే పడిపోతుంది. లెక్కకు 1,600 ఓముల చెడ్డ ఎర్తింగు ఉన్నా బాడీ మీద 50 వోల్టులు దాటనివ్వదు. అంటే ఎర్తింగు అక్కర్లేదనా? ఎర్తింగే లేకపోతే బాడీలో నిలిచిన 230 వోల్టులకు మొదటి దారి మనిషే అవుతాడు, షాకు తగిలాకే ఆర్‌సీసీబీ పడుతుంది. రాతి నేలలో రెండూ కలిసే పనిచేయాలి.

షెడ్డుకు వెళ్ళే కేబుల్‌లో మూడో తీగగా ఇంటి ఎర్తును తీసుకెళ్ళి, షెడ్డు దగ్గర వేసిన గుంతతో కలపండి. కేబుల్ మీది ఇనుప కవచాన్ని కూడా అదే ఎర్తుకు బిగించండి. షెడ్డు లైనును ఇంటి ఆర్‌సీసీబీ వెనక నుంచి తీస్తే గ్రైండరు లీకయిన ప్రతిసారీ ఇంట్లో ఫ్రిజ్జు ఆగుతుంది. మీటరు తర్వాత దానికి వేరే ఎంసీబీ, వేరే ఆర్‌సీసీబీ పెట్టడం మంచిది.

ఒక తప్పు మాత్రం దాదాపు ప్రతి ఊళ్ళోనూ చూస్తాం. షెడ్డు బోర్డులో న్యూట్రల్‌ను, ఎర్తును ఒక ముక్క తీగతో కలిపేస్తారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆ రెండూ కలిసే ఉంటాయి కదా, ఇక్కడ కలిపితే ఏంటని తర్కం. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కలపడం చుట్టకు దారి కట్టడం. షెడ్డులో కలిపితే మామూలు తిరుగు కరెంటులో కొంత ఎర్తు తీగలో నడవడం మొదలుపెడుతుంది. ఇంటి దగ్గరి ఆర్‌సీసీబీ ఆ తేడా చూసి పడుతుంది, మళ్ళీ ఎత్తితే మళ్ళీ పడుతుంది. ‘ఇది ఊరికే పడుతోంది’ అని దాన్నే పీకి పారేస్తారు. ఆ తర్వాత ఒకరోజు కేబుల్‌లో న్యూట్రల్ జాయింటు సడలితే షెడ్డు కరెంటంతా ఎర్తు తీగలోకి, మిషన్ల బాడీల్లోకి ఎక్కుతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు.

న్యూట్రల్ తెగడం త్రీఫేజు సర్వీసులో ఇంకా ఘోరం. ఒక ఫేజు మీద 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె, ఇంకో ఫేజు మీద 100 వాట్ల టీవీ ఉన్నాయనుకోండి. న్యూట్రల్ పోతే రెండూ వరసగా 400 వోల్టుల మీద పడతాయి. నిరోధం ఎక్కువున్నదానికి వాటా ఎక్కువ, కాబట్టి టీవీకి 360 వోల్టులు దాటి వస్తాయి. ఊళ్ళో ఒకే రాత్రి పది ఇళ్ళలో టీవీలు కాలాయంటే పిడుగుకంటే ముందు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి న్యూట్రల్‌ను అనుమానించాలి. షెడ్డుకు త్రీఫేజు తీసుకుంటే న్యూట్రల్ లగ్గే అన్నిటికంటే గట్టిగా ఉండాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా. షెడ్డు పక్కనే బోరు ఉంటే ఉచిత వ్యవసాయ కనెక్షన్ నుంచి తీగ లాగాలన్న ఆశ సహజం. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం ఒక పనికి ఇచ్చిన కరెంటును ఇంకోదానికి వాడితే రెట్టింపు రేటు కట్టాలి, ఎప్పటినుంచి వాడారో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్క. ఇంటి మీటరు మీద వ్యాపారపు షెడ్డు నడపడమూ ఇదే కిందికి వస్తుంది. మన టారిఫ్‌లో వడ్రంగం, కమ్మరం, కంచరి, కుమ్మరం లాంటి చిన్న కుటీర పనులకు వేరే కేటగిరీ ఉంది. సదరన్ డిస్కమ్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. లైసెన్సున్న కాంట్రాక్టరు చేత పని చేయించుకుంటే అప్లికేషనుకు కావలసిన రిపోర్టు కూడా వస్తుంది.

పని అయ్యాక ఆర్‌సీసీబీ మీదున్న ‘టి’ గుర్తు బటన్ నొక్కి చూడాలి. అది లోపల ఒక చిన్న నిరోధం గుండా కొద్ది కరెంటును తిరుగుదారిలో రింగును తప్పించి పక్కదారి పట్టిస్తుంది, మీట పడాలి. నెలకోసారి నొక్కితే మీట బిగుసుకుపోదు. ఆ బటన్ పరీక్షించేది పరికరాన్ని మాత్రమే. ఎర్తు తీగ తెగిపోయినా, గుంత ఎండిపోయినా బటన్ హాయిగా పనిచేస్తుంది. గుంతను కొలవాలంటే ఎర్త్ టెస్టరు కావాలి. ఎర్తు పైపుకు దూరంగా వరసలో రెండు మేకులు దిగ్గొట్టి, ఒకదానితో కరెంటు పంపి, ఇంకోదానితో వోల్టేజీ చూస్తారు. మట్టి స్వభావాన్నే కొలవాలంటే నాలుగు మేకుల పద్ధతి ఉంది, అమెరికా ప్రమాణాల సంస్థలో ఫ్రాంక్ వెన్నర్ 1915లో చెప్పింది. చాలామంది వానలు పడ్డాక గుంత తవ్వి, అప్పుడే కొలిచి, మంచి అంకె రాసుకుంటారు. చెల్క నేలల్లో కొలవాల్సింది మే నెలలో, గుంతలో నీళ్ళు పోయకముందు.